ట్రేడింగ్ కోర్సుకు కట్టిన ఫీజు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 26, బీటెక్ అయింది. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. మూడు నెలల క్రితం విజయవాడలో ఒక హోటల్లో పెట్టిన ఉచిత సెమినార్‌కు వెళ్లాను. ఆప్షన్స్ (షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద చేసే ఒప్పందాలు) ట్రేడింగ్ కోర్సు, ఫీజు లక్ష, జీఎస్టీ 18 వేలు. ‘నెలకు ఐదు శాతం ఖాయం, రాకపోతే ఫీజు వాపసు’ అన్నారు. ఇంకా నాలుగు సీట్లే ఉన్నాయంటే అక్కడికక్కడే యూపీఐలో 28 వేలు కట్టాను. మిగతా 90 వేలు వాయిదాలన్నారు. అది నా పేరు మీద తీసిన లోనని తర్వాత తెలిసింది. ఆరు క్లాసులు అయ్యాయి. రోజూ పొద్దున టెలిగ్రామ్ గ్రూపులో ఏది కొనాలో, ఎంతకు అమ్మాలో పెడతారు. అవి చూసి చేస్తే 64 వేలు పోయాయి. మానేస్తానంటే ‘ఫీజు తిరిగివ్వం, మీరే ఒప్పుకున్నారు’ అంటున్నారు. నా డబ్బు వస్తుందా? అసలు ఇలాంటి కోర్సుల వల్ల ఉపయోగం ఉందా? ఇంట్లో ఇంకా చెప్పలేదు. సిలబస్ కాగితం జతచేస్తున్నాను.

జవాబు: ముందు ఒక పని చేయండి. ఇది చదవడం కాసేపు ఆపి, ఆ టెలిగ్రామ్ గ్రూపు తెరిచి మొదటి రోజు నుంచి వచ్చిన ప్రతి మెసేజీ తేదీ, సమయం కనపడేలా భద్రం చేసుకోండి. మీరు డబ్బు అడిగారు కాబట్టి ఏ క్షణమైనా మిమ్మల్ని గ్రూపులోంచి తీసేయవచ్చు, మెసేజీలు చెరిపేయవచ్చు. స్క్రీన్‌షాట్లతో ఆగకుండా మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫోన్‌ను మార్చకుండా, రీసెట్ చేయకుండా ఉంచండి. రేపు ఈ మెసేజీలను సాక్ష్యంగా దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. పాత చట్టంలో 65బి సర్టిఫికెట్ అనేవాళ్లమే, అది. యూపీఐ రశీదు, లోన్ ఒప్పందం, సెమినార్ కరపత్రం, ఆ రోజు వచ్చిన వాట్సాప్ మెసేజీలు, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి.

ఇంత తొందర ఎందుకంటే, మీ కేసులో బలమంతా ఆ టెలిగ్రామ్ గ్రూపులోనే ఉంది. షేర్ మార్కెట్ గురించి పాఠం చెప్పడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. క్యాండిల్ చార్టు ఎలా చదవాలి, మార్జిన్ అంటే ఏమిటి, స్టాప్‌లాస్ ఎక్కడ పెట్టాలి లాంటివి ఎవరైనా ఫీజు తీసుకుని చెప్పుకోవచ్చు. కానీ ఫీజు కట్టినవాళ్లకు ‘ఇవాళ ఇది కొను, ఇంతకు అమ్ము’ అని చెప్పడం మొదలుపెడితే అది పాఠం కాదు, సలహా. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ. సెబీ చట్టం 1992లోని సెక్షన్ 12, 2013 నాటి ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల నిబంధనలు, 2014 నాటి రీసెర్చ్ అనలిస్టుల నిబంధనల ప్రకారం దానికి సెబీ రిజిస్ట్రేషన్ కావాలి. అడ్వైజరైతే నంబరు ఐఎన్‌ఏ అనే అక్షరాలతో, రీసెర్చ్ అనలిస్టయితే ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్లో పేరుతోనూ నంబరుతోనూ వెతకవచ్చు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లయినా లాభం ఖాయమని మాట ఇవ్వకూడదు.

‘మేం చదువు మాత్రమే చెబుతున్నాం, గ్రూపులో పెట్టేవి ప్రాక్టీసు కోసం’ అని వాళ్లు తప్పకుండా అంటారు. ఈ సాకును దృష్టిలో పెట్టుకునే 2025 జనవరిలో సెబీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. తాము కేవలం విద్య చెబుతున్నామనేవాళ్లు గడిచిన మూడు నెలల ధరల సమాచారం వాడుతూ ఏ షేరు గురించీ మాట్లాడకూడదు, దాని పేరు చూపకూడదు అన్నది అందులో మాట. మీ గ్రూపులో వచ్చింది ఆ పూట ధరే. అంతకుముందు 2023 అక్టోబర్‌లో ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో కోర్సులు అమ్మినవారిపై సెబీ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి, సుమారు 17 కోట్ల 20 లక్షల రూపాయలు విడిగా జమచేయమంది. అక్కడా కోర్సు పేరుతో ఫీజు తీసుకుని సిఫార్సులు ఇచ్చారన్నదే అభియోగం. కాబట్టి కోర్సు అనే పేరు పెట్టుకున్నంత మాత్రాన చట్టం చూపు తప్పదు.

ఇక మీ డబ్బు సంగతి. మీకు దగ్గర దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. జిల్లా ఫోరం అని అందరం అలవాటుగా అంటాంగానీ ఇప్పుడది జిల్లా వినియోగదారుల కమిషన్. సెమినార్ విజయవాడలో జరిగినా మీరు అక్కడికి పోనక్కర్లేదు. ఫిర్యాదీ ఎక్కడ ఉంటే అక్కడే కేసు వేసుకోవచ్చని సెక్షన్ 34 చెబుతోంది, అంటే గుంటూరులోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌గానూ దాఖలు చేయవచ్చు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. గడువు రెండేళ్లు. నోటీసులు ఇచ్చుకుంటూ, బతిమాలుకుంటూ ఆ రెండేళ్లు దాటించుకున్నవాళ్లను చూశాను. మీరలా చేయకండి.

చదువు చెప్పే సంస్థల మీద వినియోగదారుల కేసు నిలవదని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. యూనివర్సిటీల విషయంలో అలాంటి తీర్పులు ఉన్న మాట నిజమే. అయితే 2020 జనవరిలో జాతీయ కమిషన్ మనూ సోలంకి కేసులో కోచింగ్ సెంటర్లను వేరుచేసింది. అవి విద్యాసంస్థల కిందికి రావు, వాటి సేవాలోపం మీద కేసు వేయవచ్చు అని చెప్పింది. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 50 మందికి మించి విద్యార్థులున్న సెంటర్లకు అవి వర్తిస్తాయి. ఫలితం ఖాయమనడం, లేని తొందర సృష్టించి ‘ఇన్ని సీట్లే మిగిలాయి’ అనడం వాటి ప్రకారం తప్పు. మీ బ్యాచిలో ఎంతమంది ఉన్నారో రాయలేదు. యాభై దాటితే ఈ మార్గదర్శకాలను ఫిర్యాదులో తప్పక ఎత్తిచూపండి.

‘ఫీజు తిరిగివ్వం’ అన్న షరతుకు భయపడకండి. ఫోన్లో టిక్కు పెట్టించుకున్న షరతు చట్టం కంటే పెద్దది కాదు. లోపమున్న సేవను ఆపి, తీసుకున్న డబ్బు 30 రోజుల్లో తిరిగివ్వకపోవడం దానికదే అనుచిత వ్యాపార విధానమని అదే చట్టంలో సెక్షన్ 2(47) చెబుతోంది. రశీదులో వేరే గడువు రాసి ఉంటే ఆ గడువు లెక్కకొస్తుంది. ఇక లోపం ఎక్కడుందో మీరు పంపిన సిలబస్సే చూపిస్తోంది. అందులో బ్యాంక్ నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీ (వారం వారం గడువు ముగిసే ఒప్పందాలు) మీద మూడు క్లాసులున్నాయి. ఆ వీక్లీ కాంట్రాక్టులు 2024 నవంబర్‌లోనే ఆగిపోయాయి. నిఫ్టీ ఎక్స్‌పైరీ గురువారమని కూడా అందులో ఉంది. 2025 సెప్టెంబర్ నుంచి అది మంగళవారం. లక్ష రూపాయలు తీసుకుని, లేని కాంట్రాక్టుల మీద పాఠం పెట్టినవాళ్లకు మార్కెట్ మీద ఎంత శ్రద్ధ ఉందో కమిషన్‌కు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచండి.

రశీదులో ఇంకొకటి చూడండి. జీఎస్టీ అని 18 వేలు వేశారు కదా, దాని మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరుందా? ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైందైతే 37తో మొదలవుతుంది. నంబరు లేకపోయినా, డబ్బు సంస్థ ఖాతాకు కాకుండా ఎవరో ఒక మనిషి సొంత ఖాతాకు వెళ్లినా ఫిర్యాదులో రాయండి.

మీకు ఏది వస్తుంది, ఏది రాదు అన్నది దాచకుండా చెబుతాను. కట్టిన 28 వేలు, వాయిదాల కింద పోయిన డబ్బు, కొంత పరిహారం, ఖర్చులు అడగడానికి మీకు గట్టి ఆధారముంది. ట్రేడింగ్‌లో పోయిన 64 వేలు మాత్రం కష్టం. ఆర్డర్లు పెట్టింది మీ ఖాతా నుంచి, మీ వేలితో. నష్టభయం ఉందని బ్రోకరు ఇచ్చిన ప్రకటన చదివినట్టు ఒప్పుకునే ఉంటారు. అడగండి, కానీ దాని మీద ఆశ పెట్టుకుని అప్పు తీర్చే లెక్కలు వేసుకోకండి. ఎదుటి పార్టీ ‘ఈయన వ్యాపారం కోసం చేరాడు, వినియోగదారుడు కాదు’ అని కూడా వాదిస్తుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువులకు చట్టంలోనే మినహాయింపు ఉంది, సేవల మాట అందులో లేకపోయినా మీరు ఆ వాదన ఎత్తవచ్చు. ఉద్యోగం లేక, దీంతో బతుకుదామని చేరాను అని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

లోన్ దగ్గర తొందరపడి వాయిదా ఆపకండి. కోర్సు మీద కోపంతో కిస్తీ మానేస్తే దెబ్బ తగిలేది మీ సిబిల్ స్కోరుకు. డిజిటల్ లోన్‌కు ఆర్‌బీఐ కనీసం ఒక రోజు వెనక్కి తగ్గే వ్యవధి ఇమ్మంది. మీకు అది దాటిపోయింది, ఇది చదివే మిగతావాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి. సెమినార్ హాల్లో సంతకం పెట్టినా మర్నాడు అసలు, ఆ ఒక్కరోజు వడ్డీ కట్టి బయటపడవచ్చు. మీరు చేయాల్సింది ఏమిటంటే, లోన్ ఇచ్చిన కంపెనీకి ఈమెయిల్లో మొత్తం రాసి, మీరు సంతకం చేసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ వడ్డీ, ఖర్చులు, షరతులు రాసిన కాగితం) కాపీ అడగండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కమిషన్‌లో కేసు వేసేటప్పుడు ఆ కంపెనీని రెండో ప్రతివాదిగా చేర్చి, కేసు తేలేదాకా వాయిదాలు నిలపమని సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు కోరండి.

పోలీసు కేసు గురించి మీరు అడగలేదుగానీ అడుగుతారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద మోసానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. అయితే మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. క్లాసులు జరిగాయి, పాఠం బాగాలేదు అంటే స్టేషన్లో ‘సివిల్ మ్యాటర్’ అని పంపేస్తారు. అందుకే నేను దాన్ని రెండో అడుగుగా ఉంచుతాను. లాభాల స్క్రీన్‌షాట్లు నకిలీవని తేలితేనో, మీ ఓటీపీ తీసుకుని మీ ఖాతాలో వాళ్లే ట్రేడ్లు చేసి ఉంటేనో అప్పుడు సంగతి వేరు. సెబీకి మాత్రం ఇప్పుడే రాయండి. సెబీ ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్ రిజిస్టరైన సంస్థల కోసం, రిజిస్ట్రేషన్ లేనివాళ్ల మీద నేరుగా సెబీకి ఫిర్యాదు పంపాలి. మీ ఒక్కరి డబ్బు సెబీ వెంటనే ఇప్పించదు. కానీ రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలు అమ్మినవాళ్లను ఖాతాదారుల ఫీజులు వాపసు చేయమని సెబీ ఆదేశించిన ఉత్తర్వులు చాలా ఉన్నాయి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. చట్టం కంటే ఇది నాకు ఎక్కువ బాధ కలిగించేది. 2024 సెప్టెంబర్‌లో సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, సగటున తలకు సుమారు 2 లక్షలు. అందరికీ కలిపి 1.8 లక్షల కోట్లకు పైమాటే. 2023-24లో ఈ ట్రేడర్లలో 43 శాతం మంది 30 ఏళ్ల లోపు వాళ్లు, అంటే మీ ఈడువాళ్లు. 2024-25లోనూ 91 శాతం మందికి నష్టమే. ఇంతమందిలో కోర్సులు చేసినవాళ్లు లేరని ఎలా అనుకుంటాం?

నెలకు ఐదు శాతం అన్నారు కదా. చక్రవడ్డీ లెక్క వేయండి. లక్ష ఏడాదికి 1,79,586 అవుతుంది, పదేళ్లకు 3 కోట్ల 48 లక్షలు దాటుతుంది. యార్డులో ముప్పై ఏళ్లుగా కాయ రంగు చూసి రకం చెప్పే పెద్దమనుషులు కూడా రేపటి రేటు ఖాయమని మాటివ్వరు. 2025 మొదట్లో మిర్చి రేటు పడిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ఆదుకునే ధర ప్రకటించాల్సి వచ్చినప్పుడు కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకున్న ఇళ్లు ఎలా ఉన్నాయో గుంటూరులో పెరిగిన మీకు చెప్పాలా?

నేర్చుకోవద్దు అనడం లేదు. సెబీ స్థాపించిన ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ మదుపరుల కోసం ఒక పరీక్ష ఉచితంగా పెడుతోంది. అదే సంస్థ ఈక్విటీ డెరివేటివ్స్ (షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్) మీద సిరీస్-8 పరీక్ష నిర్వహిస్తుంది. ఆ పుస్తకం శ్రద్ధగా చదివితే మీకు లక్ష రూపాయల క్లాసులో చెప్పాల్సిన పునాది అంతా దొరుకుతుంది. కొద్ది వేల ఫీజుకు కాంట్రాక్ట్ నోటు చదవడం, మార్జిన్, పన్ను, ఒక్క ట్రేడ్‌లో ఎంత పోగొట్టుకోవచ్చో ముందే లెక్క వేసుకోవడం ఓపిగ్గా చెప్పేవాళ్లు దొరికితే అది కూడా పనికొచ్చే చదువే. ఆదాయం ఖాయమని చెప్పి అమ్మే కోర్సుకు మాత్రం పది రూపాయలు పెట్టమని కూడా నేను ఎవరికీ చెప్పను. ఎవరైనా మాట ఇస్తే, అదే మాట లెటర్‌హెడ్ మీద సంతకంతో రాసిమ్మనండి. మీకు హోటల్ హాల్లో చెప్పిన ‘రాకపోతే ఫీజు వాపసు’ కాగితం మీద ఉండి ఉంటే ఇవాళ ఇంత పొడుగు జవాబు అవసరమయ్యేది కాదు. ఆ రోజు మీ పక్కన కూర్చుని ఆ మాట విన్నవాళ్లలో ఒక్కరైనా అఫిడవిట్ ఇస్తారేమో అడగండి.

లీగల్ నోటీసు ఈ వారమే పంపండి, స్పీడ్ పోస్టులో, చేరినట్టు రుజువుతో. నోటీసులో 15 రోజుల గడువు చాలు. కోర్సు నుంచి తప్పుకుంటున్నట్టు తేదీ వేసి రాయండి, ఆ తర్వాత ఒక్క క్లాసుకూ వెళ్లకండి, గ్రూపులో ఏ ట్రేడూ తీసుకోకండి.

ఇంట్లో చెప్పలేదన్నారు. లోన్ కంపెనీ ఫోన్ ఏదో ఒకరోజు ఇంటికి వస్తుంది. అది వచ్చేలోపు మీరే నాన్నగారి దగ్గర కూర్చుని కాగితాలన్నీ ముందు పెట్టండి. ఆయన జీవితమంతా పద్దులు రాసిన మనిషి. ఎప్పుడు ఎవరికి ఎంత ఇచ్చారన్న తేదీలవారీ పట్టిక ఫిర్యాదుకు కావాలి, దాన్ని ఆయన చేతే రాయించండి.