లంబసింగిలో బ్రసెల్స్ స్ప్రౌట్స్ పండిస్తానంటున్నాడు మావాడు, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మాది నర్సీపట్నం. మా అబ్బాయికి 22 ఏళ్లు, ఈ ఏడాదే బీఎస్సీ హార్టికల్చర్ పూర్తి చేశాడు. బ్యాంకు పరీక్షలకు చదవరా అంటే వినడం లేదు. లంబసింగి దగ్గర రెండెకరాలు కౌలుకు తీసుకుని బ్రసెల్స్ స్ప్రౌట్స్ వేసి, హైదరాబాద్ హోటళ్లకు అమ్ముతాడట. మేము గిరిజనులం కాము. కౌలు అడ్వాన్సుకు లక్షన్నర అడుగుతున్నాడు. ఇవ్వాలా, వద్దా? ఈ టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. – ఒక తండ్రి

జవాబు: ముందు ఆ లక్షన్నర సంగతి చెబుతాను. ఇవ్వకండి. మీవాడి మీద నమ్మకం లేక కాదు, ఆ కౌలు చెల్లదు కాబట్టి. లంబసింగి ఉన్న చింతపల్లి మండలం షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో నిబంధన తెచ్చారు, 1970లో దాన్ని ఇంకా గట్టి చేశారు. ఏజెన్సీలో అందరూ 1/70 అనేది దాన్నే. అమ్మకం, తనఖాలతో పాటు కౌలు కూడా దాని కిందికే వస్తుంది. కాగితం మీద సంతకాలు పెట్టుకున్నా, ఊరి పెద్దలు సాక్షులుగా ఉన్నా అంతే. ఆ చట్టం గిరిజన రైతు భూమిని కాపాడుతోంది. దానికి అడ్డదారి ఉందని ఎవరైనా చెబితే మీరు వినకండి, మీవాణ్ణీ విననివ్వకండి.

ఇక పంట సంగతి. మీరు ఆ మొక్కను చూసి ఉండకపోవచ్చు. ఇది క్యాబేజీ కుటుంబంలోదే. నడుము ఎత్తు కాండం, దాని చుట్టూ కింది నుంచి పై దాకా ఆకులు, ఒక్కో ఆకు మొదట్లో నిమ్మకాయంత చిట్టి క్యాబేజీ. కింది కాయలు ముందు తయారవుతాయి, పైవి తర్వాత. అందుకే విడతలు విడతలుగా చేత్తో తెంపాలి. అన్నీ ఒకేసారి కావాలంటే కింది కాయలు కాస్త ఊరాక మొక్క కొస తుంచేస్తారు, అప్పుడు పైవి కూడా త్వరగా గట్టిపడతాయి. వారం వారం హోటల్‌కు పంపేవాడు కొస తుంచకూడదు. కొనేవాడు ఎవరో తెలియకుండా ఈ నిర్ణయం కూడా తీసుకోలేం చూడండి.

దీనికి 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం నచ్చుతుంది. 24 దాటి వేడి నిలిస్తే కాయ గట్టిపడదు, ఆకులు విచ్చుకుని వదులుగా ఉండిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే మంచి కాయ గోలీలా గట్టిగా ఉండాలి. మెత్తగా లోపలికి పోయిందంటే హోటల్‌వాడు వెనక్కి పంపేస్తాడు. మన దేశంలో ఊటీ వైపు, హిమాచల్ కులూ లోయలో దీన్ని పండిస్తారు. ఊటీ 2,200 మీటర్లకు పైన ఉంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్లు. డిసెంబర్ తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకున్న ఫొటోలు చూసి మనవాళ్లు దాన్ని ఆంధ్రా కశ్మీర్ అంటారు. అదే రోజు మధ్యాహ్నం రెండింటికి పొలంలో నిలబడితే ఎండ చురుక్కుమంటుంది. ఈ పంటకు ఆ మధ్యాహ్నపు ఎండే ఇబ్బంది. పైగా నాటాక రకాన్ని బట్టి మూడు నుంచి ఆరు నెలలు పొలంలో ఉండాలి. వానలు తగ్గాక నాటితే చివరి కోతలు మార్చి వేడిలో పడతాయి. త్వరగా వచ్చే రకమే వేయాలి, అదీ ముందు చిన్న మడిలో. చింతపల్లి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలున్నారు, మీవాడు చదివిన చదువుకు వాళ్లతో మాట్లాడటం కష్టమేమీ కాదు.

ఇప్పుడు అసలు లెక్క. ఇది మీవాడి చేత కాగితం మీద వేయించండి. రెండడుగుల దూరంలో నాటితే ఎకరానికి సుమారు 11 వేల మొక్కలు. మొక్కకు అరకిలో చొప్పున వచ్చిందనుకున్నా ఐదున్నర టన్నులు. పది వారాల కోత అనుకుంటే వారానికి 550 కిలోలు, రెండెకరాలకు 1,100 కిలోలు. వారం వారం ఇన్ని కిలోలు ఎవరు కొంటారు? అక్కడే లంబసింగిలో గిరిజన రైతులు స్ట్రాబెర్రీ పండిస్తున్నారు. టూరిస్టు కారు ఆపి, కొని, అక్కడే తినేస్తాడు. బ్రసెల్స్ స్ప్రౌట్స్‌కు ఆ అదృష్టం లేదు. మన ఇళ్లలో స్ప్రౌట్స్ అంటే పెసర మొలకలే. సున్నా డిగ్రీల దగ్గర తేమగా ఉంచితే మూడు, నాలుగు వారాలు నిలుస్తాయి కానీ, మామూలు వ్యాన్‌లో వేస్తే పై ఆకులు పసుపెక్కుతాయి. పండిన అరటి, మామిడి పక్కన పెడితే ఇంకా త్వరగా. ఒకసారి నేను సూపర్‌మార్కెట్‌లో పావుకిలో ప్యాకెట్ కొని ఇంటికి తెచ్చి ఒలిచాను. పసుపు ఆకులే గుప్పెడు పోయాయి. మీవాడు సూపర్‌మార్కెట్‌లో చూసి ఉండే కిలో ధరలో ఆ గుప్పెడు ఖర్చు కూడా ఉంది. ఆ ధర రైతు చేతికి రాదు.

ఇంత చెప్పి వద్దంటున్నానని అనుకోకండి. మీవాడి ఆలోచనలో పంట చిన్నది, దిశ మంచిది. భూమి లేకుండానే ఈ పనిలోకి రావచ్చు. హోటళ్లకు ఒక్క స్ప్రౌట్స్ చాలదు. బ్రోకలీ, ఎర్ర క్యాబేజీ, చైనీస్ క్యాబేజీ, సెలరీ అన్నీ ఒకే చోట దొరికితే వాళ్లు సంతోషిస్తారు. అక్కడి గిరిజన రైతులు లేదా వాళ్ల రైతు ఉత్పత్తిదారుల సంఘంతో మాట్లాడి, ప్రోట్రేలలో, అంటే గళ్ల ప్లాస్టిక్ ట్రేలలో, నారు పెంచి ఇవ్వడం, సాగు సలహా చెప్పడం, పండినదాన్ని న్యాయమైన ధరకు కొని, గ్రేడ్ చేసి, చల్లగా విశాఖకు, హైదరాబాద్‌కు చేర్చడం. హార్టికల్చర్ డిగ్రీ చేతిలో ఉన్నవాడు చేయాల్సిన పని ఇదే. మొదటి ఏడాది ఒక్క రైతు పొలంలో ఐదు సెంట్లు చాలు. సుమారు 550 మొక్కలు, పది వారాలు వారానికి పాతిక కిలోల పైచిలుకు. పంట పోతే ఆ నష్టం రైతు మీద పడకుండా ముందే మాట్లాడుకోమనండి, అది మీవాడే భరించాలి.

దీనికి శిక్షణ కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ శిక్షణ సంస్థ ఆధ్వర్యంలో 2002 నుంచి నడుస్తున్న అగ్రి క్లినిక్స్ పథకం ఉంది. వ్యవసాయ, ఉద్యాన పట్టభద్రుల కోసమే పెట్టారు. ఉచిత శిక్షణ, తర్వాత బ్యాంకు రుణానికి సాయం. ఇప్పటి నిబంధనలు ఎలా ఉన్నాయో వాణ్ణే కనుక్కోమనండి.

బ్యాంకు ఉద్యోగం గురించి ఒక మాట. అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు 30 ఏళ్ల వరకు వయసుంది. ఒక సీజన్ పోతే జీవితం పోదు. అలాగని పుస్తకం మూసేయమని కాదు, పొద్దున రెండు గంటలు చదవడానికి ఐదు సెంట్ల మడి అడ్డం రాదు. విత్తనాల వైపు మనసు పోతే అదీ మంచి దారే. ఈ కాయ ఒకప్పుడు చేదు అని పిల్లలు పారిపోయేవారు. 1990ల్లో హాన్స్ వాన్ డోర్న్ అనే డచ్ శాస్త్రవేత్త ఆ చేదు ఏ పదార్థాల వల్ల వస్తుందో తేల్చాక, చేదు తక్కువ రకాలు వచ్చాయి, అమ్మకాలు పెరిగాయి. హైదరాబాద్ చుట్టూ ఎన్నో విత్తన కంపెనీలున్నాయి, ఎమ్మెస్సీ కూరగాయల శాస్త్రం చేసినవాళ్లకు అక్కడ పని దొరుకుతుంది.

ఈ వారం మీవాడికి బస్సు ఛార్జీలు, హోటల్ ఖర్చు ఇచ్చి విశాఖ, హైదరాబాద్ పంపండి. పది హోటళ్లలో కూరగాయలు కొనే మనిషిని కలవమనండి. బ్రసెల్స్ స్ప్రౌట్స్ వారానికి ఎన్ని కిలోలు కొంటున్నారు, ఎక్కడి నుంచి వస్తున్నాయి, డబ్బు ఎన్ని రోజులకు ఇస్తారు, ఈ మూడూ రాసుకుని రావాలి. తిరిగొచ్చాక మీరు కోప్పడకుండా పక్కన కూర్చుని ఆ కాగితం చదవండి. తర్వాత దాన్ని నాకూ పంపమనండి, ఐదు సెంట్ల లెక్క కలిసి వేద్దాం.