సెంట్రల్ ఏసీ మూడు టన్నులా, అయిదు టన్నులా?

మీ ఇంటి సెంట్రల్ ఏసీకి కొటేషన్ ఇచ్చినవాళ్లలో ఒకరు మూడు టన్నులు చాలంటున్నారు, ఇంకొకరు అయిదు లేనిదే ఇల్లు చల్లబడదంటున్నారు, ఎవరి మాట వినాలని అడిగారు కదండీ. లెక్క చూపించినవాళ్ల మాట వినండి. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని, అంటే సుమారు 3.5 కిలోవాట్లను, బయటికి తోడేసే సామర్థ్యం. ఉత్త చదరపు అడుగులు చూసి ఎన్ని టన్నులో తేల్చలేం. పడమటి కిటికీలు, పైకప్పు మీద ఎండ, గోడల ఇన్సులేషన్, ఇంట్లో ఉండే మనుషులు, అన్నీ లెక్కలోకి రావాలి. ఆ హీట్ లోడ్ లెక్కను, అంటే ఇంట్లో చేరే మొత్తం వేడి లెక్కను, కాగితం మీద అడిగి తీసుకోండి.

"ఎందుకైనా మంచిది, పెద్దదే పెడదాం" అంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. అవసరానికి మించిన యూనిట్ గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, కాసేపటికే మళ్లీ మొదలవుతుంది. గాలిలో తేమ పోవాలంటే చల్లటి కాయిల్ మీదుగా గాలి చాలాసేపు ఆడాలి. ఆ సమయం దొరకదు కాబట్టి గది చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది. మాటిమాటికీ ఆగి మొదలయ్యే కంప్రెసర్ త్వరగా అరుగుతుంది కూడా. ఇన్వర్టర్ రకం అవసరాన్ని బట్టి వేగం మార్చుకుంటుంది, కుదిరితే అదే తీసుకోండి.

డక్టుల సంగతి, అంటే చల్లగాలిని గదులకు చేర్చే గొట్టాల సంగతి, చాలామంది పట్టించుకోరు, నాకు అదే బాధ. అతుకుల దగ్గర గాలి కారితే ఎంత మంచి మెషీనైనా వృథా. తలుపులు మూసినా పడకగదుల గాలి వెనక్కి వెళ్లే దారి ఉందా అనీ అడగండి.

ఒకేసారి ఒకటి రెండు గదులే వాడేట్టయితే స్ప్లిట్ ఏసీలే నయం. ఇంటి ప్లాన్, కిటికీల దిక్కులు ఇక్కడ పెట్టండి, ఏ కొటేషన్ సరిగ్గా ఉందో చూసి చెబుతాను.