కెప్లర్ చూసిన నక్షత్రం నాలుగు సీజన్లలోనూ సీసీడీ మీద పడిందా?

మీ నక్షత్రం కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ వీక్షణ క్షేత్రంలోనే ఉన్నా, దాని కాంతి వక్రంలో (కాలంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గీతలో) ఏటా ఒకసారి మూడు నెలల ఖాళీ ఎందుకు వస్తున్నదని అడిగారు. హనుమకొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న రోజుల్లో సరిగ్గా ఇటువంటి ఖాళీయే నాకూ ఎదురైంది. నేను రాసిన ప్రోగ్రామ్‌లో తప్పున్నదనుకుని మూడు వారాలు వెతికాను; ఆ నక్షత్రం ఏ సీజన్‌లో ఏ సీసీడీ (కాంతిని నమోదు చేసే చిప్) మీద పడిందో మొదటే చూసి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది.

2009లో ప్రయోగించిన కెప్లర్ హంస, వీణా మండలాల మధ్యనున్న ఒకే ఆకాశ భాగాన్ని నాలుగేళ్ళ పాటు చూసింది. ఆగస్టు మధ్యలో రాత్రి పది గంటలకు వరంగల్‌లో ఉత్తరం వైపు తిరిగి నిలబడితే, అభిజిత్ నక్షత్రానికి కొద్దిగా కుడివైపున, క్షితిజం నుంచి 60 డిగ్రీలు దాటిన ఎత్తులో ఆ భాగం కనిపిస్తుంది. అయితే సౌర ఫలకాలు సూర్యుని వైపే ఉండేందుకు ఆ టెలిస్కోప్ సుమారు మూడు నెలలకొకసారి తన చూపు దిశ చుట్టూ 90 డిగ్రీలు తిరిగేది. ఆ మూడేసి నెలల కాలాలే త్రైమాసికాలు; ఏడాదిలో టెలిస్కోప్ తిరిగి నిలిచే నాలుగు స్థితులే నాలుగు సీజన్లు. అందువల్ల ఒకే నక్షత్రం ఏడాదిలో నాలుగు వేర్వేరు చోట్ల పడేది. మీ ప్రశ్నను ఒక్కసారి కాక, నాలుగు సీజన్లకూ విడివిడిగా అడగవలసింది ఇందుకే.

నాకు ఈ సంగతి పూర్తిగా బోధపడింది ట్రేసింగ్ పేపర్‌తో. అయిదు అడ్డవరుసలు, అయిదు నిలువువరుసల గళ్ళు గీసి, 1 నుంచి 25 వరకు అంకెలు వేసి, నాలుగు మూలలు కొట్టివేస్తే మిగిలే 21 గళ్ళే కెప్లర్ కెమెరాలోని మాడ్యూళ్ళు, అంటే సీసీడీలను అమర్చిన విభాగాలు. ఒక్కోదానిలో రెండేసి చొప్పున మొత్తం 42 సీసీడీలు. మధ్యలో గుండుసూది గుచ్చి కాగితాన్ని పావు వంతు చొప్పున తిప్పితే, 13వ గడిలోని నక్షత్రం ఆ గడిలోనే ఉంటుంది. 3వ గడిలోనిది మాత్రం 11, 15, 23 గళ్ళన్నింటినీ చుట్టి వస్తుంది. 2010 జనవరిలో, నాలుగో త్రైమాసికం నడుస్తుండగా, ఆ మూడో మాడ్యూలే పాడైంది. అప్పటి నుంచి క్షేత్రంలోని దాదాపు అయిదో వంతు నక్షత్రాలు ఏడాదికి ఒక త్రైమాసికం చొప్పున కోల్పోయాయి. నా నక్షత్రం వాటిలో ఒకటి.

కాబట్టి ముందుగా కెప్లర్ దత్తాంశ భాండాగారంలో మీ నక్షత్రాన్ని వెతికి, ప్రతి సీజన్‌కూ ఇచ్చిన మాడ్యూల్, అడ్డవరుస, నిలువువరుస సంఖ్యలను రాసుకోండి. త్రైమాసికం సంఖ్యకు రెండు కలిపి నాలుగుతో భాగిస్తే మిగిలే శేషమే సీజన్ సంఖ్య. సున్నా నుంచి లెక్కించినప్పుడు, ఒక్కో సీసీడీలోని ప్రతి సగంలో కాంతిని గ్రహించే భాగం అడ్డవరుసల్లో 20 నుంచి 1043 వరకు, నిలువువరుసల్లో 12 నుంచి 1111 వరకు ఉంటుంది. నక్షత్రపు వెలుగు కొన్ని పిక్సెళ్ళ మీద పరుచుకుంటుంది కనుక, అంచుకు పది పిక్సెళ్ళ లోపు పడినదాన్ని నేను అనుమానంగానే చూస్తాను.

మరొక్క మాట. సీసీడీ మీద పడినంత మాత్రాన కాంతి వక్రం ఉండదు, ఎందుకంటే ఎంపిక చేసిన నక్షత్రాల పిక్సెళ్ళనే భూమికి పంపేవారు. ఎంపిక కాని నక్షత్రానికి నెలకొకటి చొప్పున తీసిన పూర్తి చట్రపు చిత్రాలే ఆధారం. మీ నక్షత్రం కేటలాగ్ సంఖ్యను, నాలుగు మాడ్యూల్ సంఖ్యలను ఇక్కడ రాస్తే, ఆ ఖాళీ మూడో మాడ్యూల్ వల్ల వచ్చిందో కాదో నేనూ సరిచూస్తాను.