కొవ్వు ఎక్కించాక బుగ్గలు ఉబ్బిపోయాయి... కరిగించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. డైటింగ్‌తో 14 కిలోలు తగ్గాక బుగ్గలు పీక్కుపోయాయి. పది వారాల కిందట పొట్ట దగ్గరి కొవ్వు తీసి బుగ్గల్లోకి ఎక్కించారు. ఇప్పుడు బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. నవ్వితే కళ్లు చిన్నవైపోతున్నాయి. ఒక బ్యూటీ క్లినిక్‌లో ఇంజెక్షన్‌తో కరిగిస్తామంటున్నారు. రెండు నెలల్లో తమ్ముడి పెళ్లి. చేయించుకోమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడు మాత్రం వద్దమ్మా. పెళ్లి దగ్గరపడుతోందన్న టెన్షన్ అర్థమవుతోంది. కానీ తొందరపడితే ఉన్న ఇబ్బందికి ఇంకొకటి తోడవుతుంది.

ఎక్కించిన కొవ్వంతా నిలవదు. కొత్తచోట రక్తప్రసరణ అందిన కణాలు బతుకుతాయి, మిగతావి కొన్ని నెలల్లో కరిగిపోతాయి. ఎంత పోతుందో ముందే కచ్చితంగా చెప్పలేం కాబట్టి చాలామంది సర్జన్లు కాస్త ఎక్కువే ఎక్కిస్తారు. దానికి వాపు కలుస్తుంది. పొద్దున లేవగానే బుగ్గలు బరువుగా, సాయంత్రానికి కొంచెం తేలికగా అనిపిస్తే వాపు ఇంకా ఉన్నట్టే. అసలు రూపం తేలడానికి ఆరు నెలలైనా పడుతుంది.

ఇక ఆ ఇంజెక్షన్ సంగతి. ఫిల్లర్లను (ముఖం నిండుగా కనిపించడానికి ఎక్కించే జెల్‌లను) కరిగించే హయలురోనిడేజ్ అనే మందు కొవ్వు మీద పని చేయదు, అది హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్లకు మాత్రమే. కొవ్వును కరిగించేది డీఆక్సీకోలిక్ యాసిడ్. అమెరికాలో 2015లో దానికి అనుమతి ఇచ్చింది గడ్డం కింది కొవ్వుకే, బుగ్గలకు కాదు. ముఖ కండరాలను కదిలించే నరాల కొమ్మలు బుగ్గల్లోంచే వెళ్తాయి. వాటికి దెబ్బ తగిలితే నవ్వు ఒక పక్కకి పోవచ్చు. పైగా ఆ ఇంజెక్షన్‌తో వచ్చే వాపు వారాల తరబడి ఉండొచ్చు. మీకేం ఇస్తామంటున్నారో మందు పేరు అడగండి. పేరు చెప్పకపోతే అక్కడితో ఆపేయండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చిన్న గడ్డలకు కొన్నిసార్లు వాడతాం గానీ, మోతాదు మించితే చర్మం పలచబడి అక్కడ గుంట పడుతుంది.

ఆరు నెలలు దాటాక కూడా నిండుగానే ఉంటే మైక్రో లైపోసక్షన్ ఉంది. సన్నటి గొట్టంతో కొంచెం కొంచెంగా తీస్తారు. కొవ్వు అప్పటికే చుట్టుపక్కల కణజాలంలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి మొత్తం తీయడం కుదరదు, తీయకూడదు కూడా. ఎక్కువ తీస్తే మళ్లీ పాత గుంటలే.

అప్పటిదాకా బరువు పెరగకుండా చూసుకోండి. ఇది మీకు చాలా ముఖ్యం. పొట్ట నుంచి వచ్చిన కొవ్వు ఒళ్లు పెరిగితే బుగ్గల్లోనూ పెరుగుతుంది. కొవ్వు కరుగుతుందని గట్టిగా మసాజ్ చేయకండి. పెళ్లికి మేకప్ ఆర్టిస్ట్ కాంటూరింగ్‌తో, అంటే లేత, ముదురు రంగులతో బుగ్గలు సన్నగా కనిపించేలా చేసి, చాలావరకు సర్దేయగలరు.

వేలితో నొక్కితే గట్టి గడ్డ తగిలితే అల్ట్రాసౌండ్ చేయించండి, చనిపోయిన కొవ్వు తిత్తిలా మారి ఉండొచ్చు. ఎర్రబడటం, వేడి, నొప్పి పెరగడం, చీము, జ్వరం... వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. కొన్ని రకాల ఇన్ఫెక్షన్లు వారాలు గడిచాక కూడా బయటపడతాయి.

ముందు మీకు ఆపరేషన్ చేసిన సర్జన్‌నే కలవండి. నమ్మకం కుదరకపోతే ఎం.సి.హెచ్. ప్లాస్టిక్ సర్జరీ చేసిన మరొకరికి చూపించండి. పాత ఫొటోలతో పాటు ఆపరేషన్ నోట్స్ కూడా అడిగి తీసుకెళ్లండి. ఏ బుగ్గకు ఎన్ని మిల్లీలీటర్లు, ఏ పొరలో ఎక్కించారో చూశాకే ఎంత తీయాలన్నది ఎవరైనా చెప్పగలరు.