43 వార్నింగ్‌లు, ఒక సాయంత్రం

ప్రశ్న: సార్, మాది కర్నూలు. ఇంటి నుంచే ఒక బెంగళూరు కంపెనీకి లినక్స్ డ్రైవర్ల (హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్) పని చేస్తున్నాను. పాత సెన్సర్ డ్రైవర్‌ని కొత్త కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) మీద కంపైల్ చేస్తే కంపైలర్ నుంచి 43 వార్నింగ్‌లు వచ్చాయి. "బోర్డు పనిచేస్తోంది కదా, క్యాస్టులు (బలవంతపు టైపు మార్పులు) పెట్టి మూసెయ్" అంటున్నారు మా లీడ్. సాయంత్రానికల్లా సున్నా చేయగలను. చేసేయమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ఆ పని నేనూ చేశాను, మూడు వారాలు నిద్ర లేకుండా పోయింది.

అప్పుడు మా బోర్డు పదిసార్లు ఆన్ చేస్తే మూడుసార్లు కీప్యాడ్ పలికేది కాదు. కేబుల్ మార్చాం, పవర్ సప్లై మార్చాం. సెలవు పెట్టి అనంతపురం వచ్చినా అదే టెన్షన్. మా అమ్మ వరండాలో విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తుంటే పక్కనే కూర్చుని, ఆ కీప్యాడ్ డ్రైవర్ ఫైలు ఒక్కదానికే డబ్ల్యూ=2 (ఎక్కువ వార్నింగ్‌లు చూపించే సెట్టింగ్) పెట్టి మేక్ (బిల్డ్ కమాండ్) కొట్టాను. హెడర్ ఫైళ్ల గోల మధ్య ఒక లైను దొరికింది: అన్‌సైన్డ్ (మైనస్ ఉండని) విలువ సున్నా కన్నా తక్కువా అని అడుగుతున్నావు, అది ఎప్పటికీ నిజం కాదు, అని. (ఇప్పటి కెర్నెళ్లలో డబ్ల్యూ=1తో ఇది బయటపడదు.)

సంగతేమిటంటే, డ్రైవర్‌కి ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్) నంబరు తెచ్చిపెట్టే ప్లాట్‌ఫామ్_గెట్_ఐఆర్‌క్యూ ఇచ్చేది ఇంట్, అంటే మైనస్ కూడా పట్టే సంఖ్య. ఇంటరప్ట్ కంట్రోలర్ ఇంకా లేవకపోతే -517 ఇస్తుంది, అంటే "తర్వాత రా" అని. మా కోడ్‌లో అది అన్‌సైన్డ్‌లో పడి 4294966779 అయి కూర్చుంది. తప్పు పట్టాల్సిన ఇఫ్ దారి వదిలేసింది. ఆ తర్వాత ఆ నంబరుతో ఇంటరప్ట్ అడిగే రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ, అలాంటి నంబరే లేదని -22 ఇచ్చింది. -517 అయితే కెర్నెల్ మళ్లీ ప్రోబ్‌కి (డ్రైవర్‌ని మొదలుపెట్టే ఫంక్షన్) పిలిచేది; -22కి పిలవదు. కంట్రోలర్ ముందు లేచిన రోజు కీప్యాడ్ ఉంది, లేవని రోజు లేదు. గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు రాశారో చూపే కమాండ్) కొట్టి చూస్తే ఆ వేరియబుల్‌ని అన్‌సైన్డ్ చేసిన మహానుభావుణ్ని నేనే. వేరే చోట సైన్డ్‌ని అన్‌సైన్డ్‌తో పోల్చావనే వార్నింగ్ వస్తోందని, మూయడానికి!

ఇక మీ 43. దాదాపు ప్రతి వార్నింగ్ చివర బ్రాకెట్‌లో ఒక పేరుంటుంది. ఆ పేర్లను బట్టి కుప్పలు పెట్టండి, లెక్క బాగా తగ్గుతుంది. సైజ్_టీని (సైజులకు వాడే అన్‌సైన్డ్ టైపు) పర్సెంట్ డీతో ప్రింట్ చేసినవైతే పర్సెంట్ జెడ్‌యూ చేస్తే సరి, క్యాస్ట్ ఎందుకు? సస్పెండ్ ఫంక్షన్ ఎవరూ వాడట్లేదని వస్తే మాత్రం కొట్టేయకండి. మీ కాన్ఫిగ్‌లో స్లీప్ సపోర్ట్ ఆఫ్ అయి ఉండొచ్చు. ఆన్ ఉన్నచోట అది కావాల్సిందే. మేబీ_అన్‌యూజ్డ్ అని గుర్తు పెట్టండి. విలువ ఇవ్వని వేరియబుల్ అని వస్తే, రెట్ = 0 (ఫలితం సున్నా, అంటే సక్సెస్) అని పైన రాసి చేతులు దులుపుకునేవాళ్లు చాలామంది. ఫెయిలైన దారి కూడా అప్పుడు సక్సెస్ అని చెబుతుంది. ఏ దారిలో విలువ పడట్లేదో చూసి, అక్కడ సరైన ఎర్రర్ ఇవ్వండి.

5.15 కెర్నెల్ నుంచి వార్నింగ్‌నే ఎర్రర్ చేసే కాన్ఫిగ్_వెర్రర్ ఉంది. బిల్డ్ ఆగుతోందని మీ లీడ్ దాన్ని ఆఫ్ చేయమంటారేమో, ఒప్పుకోకండి. కుప్పకొక కమిట్ (గిట్‌లో నమోదు చేసే మార్పు) పెట్టండి, క్యాస్ట్ తప్పనిచోట ఎందుకో అందులోనే రాయండి. సాయంత్రానికి కాదు, గురువారానికి అని చెప్పండి.