మంత్రాలున్న కథలు మా పిల్లకు ఇవ్వొచ్చా?

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అడిగారు: ఏడో తరగతి చదివే కూతురు ఫాంటసీ నవలలు కావాలంటోంది, క్రైస్తవ విశ్వాసుల ఇంట్లో అలాంటివి ఉండొచ్చా అని.

ఉండొచ్చండి. బైబిల్లో ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం వద్దన్నది సోదె చెప్పడాన్ని, చిల్లంగి (చేతబడి) చేయడాన్ని. ఊహించి చెప్పే కథ బైబిల్లోనే ఉంది. న్యాయాధిపతులు 9లో యోతాము చెప్పిన కథలో చెట్లు రాజును వెతుక్కుంటాయి. ఒలీవ, అంజూరం, ద్రాక్ష ఒప్పుకోవు. చివరికి ముళ్లపొద, నా నీడకు రండి అంటుంది! అంటే కల్పన తప్పు కాదు. కథలో మంత్రం ఎవరి చేతిలో ఉంది, దాన్ని కథ మెచ్చుకుంటోందా అన్నది చూడండి.

సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా కథల్లో 1950లో వచ్చిన మొదటి పుస్తకం ‘ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్’తో మొదలుపెట్టండి. మంత్రగత్తె ఇచ్చిన మిఠాయికి ఆశపడి ఎడ్మండ్ తోబుట్టువులకు ద్రోహం చేస్తాడు. వాడి బదులు అస్లాన్ అనే సింహం చనిపోయి, మళ్లీ లేస్తుంది. యేసుతో పోలిక మీరు విప్పి చెప్పక్కర్లేదు, పిల్లే పట్టుకుంటుంది. టోల్కీన్ ‘హాబిట్’ కూడా ఇవ్వొచ్చు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మాత్రం రెండేళ్లు ఆగాక.

అట్ట మీద ‘క్రిస్టియన్’ అని ఉన్నవన్నీ కొనేయకండి, కొన్ని మరీ చప్పగా ఉంటాయి. ముందు మీరే ఓ ముప్ఫై పేజీలు తిరగేయండి. పలాసలో గుణుపూర్ రైలెక్కితే మీ ఊరొచ్చేలోపే అయిపోతాయి.