సింధుకు, నాన్న పేరున వసూలు చేసే డబ్బు గురించి

సింధూ,

నాన్న పేరున జూన్ 8న నెక్లెస్ రోడ్డులో నడక పెడుతున్నావట, వచ్చిన డబ్బు బ్రెయిన్ క్యాన్సర్ రోగులకు ఇస్తావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అచ్చం మా తమ్ముడి కూతురివనిపించుకున్నావు. ఫోన్ పెట్టేశాక మాత్రం భయం పట్టుకుంది. అందుకే రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

పోలీసు పర్మిషన్ ముందే తీసుకో. ప్రపంచ బ్రెయిన్ ట్యూమర్ దినమని ఆ తేదీ పెట్టుకున్నావు, బాగుంది. మృగశిర కార్తె కూడా అప్పుడే. చేప ప్రసాదానికి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జనం విరగబడతారు, పోలీసులకు ఊపిరాడదు. ఎండలు ఇంకా పోవు, తెల్లారగానే మొదలుపెట్టు. మంచినీళ్లు, అంబులెన్సు నువ్వు చూసుకోగలవు.

కరపత్రం మీద నీ ఫోన్‌పే నంబరు వేశావని విన్నాను. తీసెయ్. ఎందుకంటున్నానో నీకెవరూ చెప్పి ఉండరు. నువ్వు పుట్టకముందు నాన్న ఆఫీసులో ఒక అటెండరుకు కిడ్నీలు పాడయ్యాయి. నాన్నే పూనుకుని సెక్షన్ సెక్షన్ తిరిగి చందాలు పోగుచేశాడు. ఎవరెంత ఇచ్చారో బస్ టికెట్ల వెనకా, సిగరెట్ పెట్టె అట్టల మీదా రాసుకునేవాడు. డబ్బు తన జీతం పడే ఖాతాలోనే వేశాడు. మందులకని ఆ అటెండరు భార్య ఎప్పుడొస్తే అప్పుడు తీసి చేతికిచ్చేవాడు. అదే ఖాతాలోంచి మీ తాతయ్య కంటి ఆపరేషన్‌కూ తీశాడు, అది తన జీతమే. ఆ మనిషి పోయాక లెక్క చెప్పమన్నారు. చూపించడానికి కాగితం లేదు. చందా డబ్బుతో తండ్రికి ఆపరేషన్ చేయించుకున్నాడని క్యాంటీన్లో అనుకున్నారు. ఆ మాట చెవిన పడ్డ రోజు నాన్న మా ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉండిపోయాడు. చివరికి మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టి మొత్తం చందా మళ్లీ ఆ కుటుంబానికి ఇచ్చాడు. అయినా నింద పోలేదు. వినాయక చవితి చందాలు కూడా ఎందుకు ముట్టుకునేవాడు కాదో ఇప్పుడు అర్థమైందా? పైసా తినని మనిషి. ఆయన పేరు మీద మళ్లీ ఆ మాట వినే ఓపిక నాకు లేదు తల్లీ.

కాబట్టి ట్రస్టుకు పన్ను మినహాయింపునిచ్చే 12ఏ, దాతలకు మినహాయింపునిచ్చే 80జీ, ఈ రెండు రిజిస్ట్రేషన్లూ ఉన్న ట్రస్టును చూసుకుని, డబ్బు నేరుగా వాళ్ల ఖాతాకే వెళ్లేలా చెయ్యి. ఏ ఖర్చుకు వాడతారో కాగితం మీద రాయించుకో. నగదు వద్దను. 2,000 రూపాయలు దాటిన నగదుకు 80జీ మినహాయింపు కూడా రాదు. అమెరికా సిటిజన్లయిన మనవాళ్లు పంపేది చట్టం లెక్కలో విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్ఏ, కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకి. మీ అన్నయ్య గ్రీన్ కార్డు మీదే ఉన్నాడు, పాస్‌పోర్టు మనదే, వాడి సంగతి వేరు.

ఇంకొకటి. ఈ డబ్బు ఆపరేషన్లకు వద్దు. కార్డున్నవాళ్లకు ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరు నుంచి 10 లక్షల దాకా. ఇబ్బందల్లా రేడియేషన్‌తో. నాన్నకొచ్చిన గ్లియోబ్లాస్టోమా అనే బ్రెయిన్ క్యాన్సర్‌కు మామూలుగా 30 సిట్టింగులు, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. నువ్వప్పుడు పుణెలో ఉన్నావు. తల కదలకుండా ముఖానికి వల లాంటి మాస్కు బిగించేవారు. బయటికొచ్చేసరికి నుదుటి మీద గళ్లు గళ్లుగా అచ్చులు. నేను కొబ్బరినూనె రాయబోతే నర్సు అడ్డుకుంది, డాక్టరు చెప్పనిది ఏదీ పూయొద్దంది. పక్క కుర్చీలో ఆదిలాబాద్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు ఉండేవారు. మిషను మీద ఉండేది కాసేపే, మిగతా రోజంతా ఎక్కడుండాలో వాళ్లకు తెలిసేది కాదు. మనకు కారుంది, ఇల్లుంది. ఆరు వారాల గది అద్దె, రెండు పూటలా భోజనం, ఆటో చార్జీలు, తోడొచ్చినవాళ్లు పోగొట్టుకునే కూలి. నాన్న పేరున వీటికి ఇవ్వు. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లి సోషల్ వర్కరుతో మాట్లాడు, నేనూ వస్తాను.

స్టెరాయిడ్లకు మొహం ఉబ్బిన ఫోటో మాత్రం వేయకమ్మా. జాలి కొద్దీ నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు, మాకొద్దు. మీ అక్క పెళ్లిలో తీసినది నా దగ్గరుంది, పంపుతాను.

నా చెక్కు రాసిపెట్టాను, పేరొక్కటే ఖాళీ. ట్రస్టు ఏదో తేల్చి, వాళ్ల 80జీ కాగితం నాకు వాట్సాప్ చెయ్యి. చదివి నింపుతాను.

నీ పెద్దత్త